కరిగే ఐసు కావాలి

పోయిన వారం మనం కోడలిని వంటింటి సామాన్ల షాపు మధ్యలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ ఆమె అక్కడే నిలబడి ఉంది. కాలు ముందుకు పడదు, వెనక్కి పడదు. దారం రీళ్ళు కొనుక్కొస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి బయల్దేరిన మనిషికి, ఐసు చేసే మిషన్ల వరస ముందు సాక్షాత్తూ మామగారే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి కనిపిస్తే ఇంకేం చేస్తుంది?

అబద్ధం ఎందుకు చెప్పవలసి వచ్చిందో మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. అత్తగారికి పేగులో గడ్డ. దానికి ఆస్పత్రిలో విడతలు విడతలుగా మందు ఎక్కిస్తున్నారు. ఆ మందు ఆవిడ నోటిని పుండు చేసేసింది. నాలుక, చిగుళ్ళు, గొంతు దాకా పూత. మంచినీళ్ళు మింగినా కళ్ళ వెంట నీళ్ళే. ఇలాగే తిండి మానేసి బరువు తగ్గిపోతే తరవాతి విడత ఎక్కించడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు. మందు ఎక్కుతున్నంతసేపూ, ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకోబోయే ముందూ ఐసు ముక్కలు చప్పరిస్తే పూత నెమ్మదిస్తుందని నర్సు చెప్పింది. వేరే ఇంట్లో అయితే ఫ్రిజ్ తలుపు తీస్తే పనైపోయేది. ఈ ఇంట్లోకి మాత్రం ఐసు అడుగు పెట్టదు.

ఎందుకంటే మామగారిది ఐసు బండి. చేపలకీ శీతల పానీయాలకీ ఐసు వేసే బండి కాదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే, దూరాన ఉన్నవాళ్ళు వచ్చి చూసుకునేదాకా ఆ మనిషిని ఉంచడానికి ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి, పగలగొట్టి, చుట్టూ పేర్చేది ఆయనే. ఆయన బండి వీధి మలుపు తిరిగిందంటే ఆడుకునే పిల్లల్ని లోపలికి పిలిచేసేవాళ్ళు. ఐసు గుమ్మం దాటి లోపలికి వస్తే ఒక మనిషి గుమ్మం దాటి బయటికి వెళ్తాడని ఆయన నమ్మకం. ఫ్రిజ్ కొన్న రోజున అందులోని ఐసు ట్రేని షాపు వాళ్ళ చేతిలోనే పెట్టి వచ్చాడు. ఆయన కొడుకు, అంటే మన కోడలి మొగుడు, ఐస్‌క్రీమ్ తినడం నేర్చుకున్నది పెళ్ళయ్యాకే, అదీ భార్య బతిమాలితే. అతనిప్పుడు ఓడలో వంటవాడు, నడిసముద్రంలో ఉన్నాడు. తండ్రితో పోట్లాడే భారం కోడలి నెత్తిన పడింది. ఆమె ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అందుకే ఈ దొంగ ప్రయాణం.

మామగారు తల తిప్పి చూశాడు. ఇద్దరికీ దొంగకు తేలు కుట్టినట్టయింది.

"దారం ఇక్కడ కూడా అమ్ముతున్నారా అమ్మా?" అన్నాడాయన.

"మీరు చెప్పులు కుట్టించుకొస్తానన్నారు కదా మామయ్యా."

ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తెగిన చెప్పు తెగినట్టే ఉంది. "కుట్టేవాడు ఇవాళ రాలేదు" అని నీళ్ళు నమిలాడు.

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మనిషి తనంతట తనే దిగి వచ్చాడు. ఇన్నాళ్ళ పోరు ఊరికే పోలేదన్నమాట. ఆమె స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే టైలరు. ఒకటికి రెండుసార్లు కొలవకుండా కత్తెర పట్టదు. కానీ ఆ సంతోషంలో ఆయన మొహం కేసి సరిగ్గా చూడలేదు. చూసి ఉంటే ఈ వారం కథ ఇంకోలా ఉండేది.

"ఇద్దరూ ఒకటేనా సార్? రండి, రండి" అంటూ షాపావిడ వచ్చింది. నడివయసు మనిషి, నీలం కోటు, మెడలో బిళ్ళ. మాట మొదలుపెడితే ఊపిరి తీసుకోవడం ఇంటికి వెళ్ళాకే అన్నట్టుంటుంది. "మూడు రకాలున్నాయి. మూడూ వంటగట్టు మీద పట్టేవే. పైపు కనెక్షను అక్కర్లేదు, ట్యాంకులో నీళ్ళు పోసి మీట నొక్కడమే. మీరు టీ పెట్టుకునేలోపు మొదటి వాయి దిగిపోతుంది."

మొదటి మిషను పోసే ఐసు, కోడలు కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగులా ఉంది, గుండ్రంగా, మధ్యలో బోలుగా. అంచు వేలికి గీసుకుంది. రెండోది నలుచదరపు పలకలు పోస్తుంది, గాజులా తేటగా ఉన్నాయి. మూడోది పోసేవి ముక్కలని కూడా అనలేం, నలిపిన సుద్దలా పొడిపొడిగా ఉన్నాయి. వేళ్ళ మధ్య నొక్కితే చితికిపోయాయి.

మామగారు జేబులోంచి చేతిరుమాలు తీశాడు. కౌంటరు మీద నీటుగా పరిచి, మూడు రకాలూ ఒక్కొక్కటి పక్కపక్కన పెట్టాడు. గోటితో తట్టి, చెవి దగ్గరగా వంచి విన్నాడు. తరవాత చేతులు కట్టుకుని వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"ఏది నిలుస్తుందో."

షాపావిడ కూడా నోరు మూసుకుని చూసింది, ఆవిడకి అది కొత్త అనుభవం. సుద్దపొడి లాంటిది ముందు చెమ్మయి రుమాలులో ఇంకిపోయింది. "ఇది ఐసు కాదు, నురగ" అని పక్కకి తోశాడు మామగారు. బోలు ముక్క కాసేపటికి పలచబడి కూలింది. "లోపలా బయటా గాలి తగిలితే ఎంతసేపని ఆగుతుంది?" పలక మాత్రం అంచులు చెక్కు చెదరకుండా నిలబడింది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి లైటుకి ఎదురుగా పెట్టాడు. "చూడమ్మా, అవతలున్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. ఒక్క బుడగ లేదు. ఇదీ ఐసంటే."

ఆయన గొంతులో ఆ హుషారు కోడలు విని చాలా రోజులైంది. ముద్దుగా కూడా అనిపించింది. అది గట్టిదనీ అత్తగారి నోటికి పనికిరాదనీ తరవాత నెమ్మదిగా చెప్పవచ్చులే అనుకుంది.

"ఆపకుండా నడిపితే రోజుకి ఎంత ఇస్తుంది?" అడిగాడాయన.

"బకెట్టు నిండుతుంది సార్."

"ఒక బకెట్టేనా? చేసిన ఐసు లోపల అలాగే గడ్డగా ఉంటుందా?"

"ఉండదు సార్. ఉన్న మాట చెప్తాను. ఇవి ఐసు చేస్తాయి గానీ దాచవు. బుట్టలో వాడకుండా మిగిలింది కరిగి కింద ట్యాంకులోకి పోతుంది, ఆ నీళ్ళే మళ్ళీ ఐసవుతాయి. దాచుకోవాలంటే తీసి ఫ్రీజర్లో పెట్టుకోవాల్సిందే."

ఆయన మొహం చిన్నబోయింది. "నిలవుండదా" అని తనలో తను అనుకున్నాడు. కాసేపు ఆలోచించి, "రెండు మిషన్లు తీసుకుని పగలూ రాత్రీ నడిపితే?" అన్నాడు.

షాపావిడ కళ్ళు మెరిశాయి. "ఇంట్లో ఫంక్షనా సార్? ఎంతమంది వస్తారు?"

"చాలామంది వస్తారమ్మా. ఆవిడ అందరికీ కావలసిన మనిషి."

"ఒక పూటేనా?"

"ఒక పూటతో ఎలా అవుతుంది. అబ్బాయి ఓడ దిగాలి, అక్కణ్నుంచి రావాలి. వాడు వచ్చేదాకా నిలవాలి."

"అంత పెద్ద ఫంక్షనైతే హాలు వాళ్ళే ఐసు చూసుకుంటారు కదా సార్" అంది షాపావిడ, అమాయకంగా.

కోడలు అప్పుడు చూసింది ఆయన మొహం కేసి. రోజుకి ఎంత, ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఎవరు వచ్చేదాకా. ఇవి చప్పరించే ఐసు గురించి అడిగే ప్రశ్నలు కావు. ఆయన మిషను కొనడానికే వచ్చాడు. కాకపోతే అత్తగారి నోటి కోసం కాదు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఎప్పుడూ పట్టుకోలేదు. వాషింగ్ మెషిన్ల వెనక కొనేవాళ్ళు కూర్చోవడానికి వేసిన బల్ల మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"మామయ్యా, మీరు ఐసు ఎందుకు చూస్తున్నారు?"

"మీ అత్తయ్యకే."

"అత్తయ్య నోట్లో వేసుకోవడానికా?"

ఆయన అరచేతిలో ఇంకా ఆ పలక ఉంది. మణికట్టు మీదుగా నీళ్ళు కారుతున్నా వదల్లేదు.

"ఇప్పుడన్నీ గాజు పెట్టెలు వచ్చేశాయమ్మా" అన్నాడు కాసేపటికి. "కరెంటుకి తగిలించి, మూత పెట్టేస్తారు. అద్దం లోంచి చూడాలి. ముట్టుకోవడానికి లేదు. ఎంతమంది ఇళ్ళల్లోనో నా చేతులతో పేర్చాను. ముక్కల మధ్య రంపపు పొట్టు పోసి, కింద గోనెలు మడతలేసి, నీళ్ళు చుక్క చుక్క కారే చప్పుడు ఇంటివాళ్ళ చెవిన పడకుండా చూసేవాణ్ణి. ఆ చప్పుడు వింటే తట్టుకోలేరు. ఊళ్ళో అందరికీ చేసి, మీ అత్తయ్యని పెట్టెలో పెట్టనా? ఐసు ఫ్యాక్టరీ మూసేశారు. ఇలాంటి మిషన్లు వచ్చాయని నువ్వే కదా చెప్పావు."

చెప్పింది తనే. రోజూ చెవిలో పోరింది తనే. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది, కోపంతో కలిసి వచ్చింది.

"అత్తయ్య ఇంట్లో కూర్చుని ఉంది మామయ్యా. పొద్దున నేను కాలరు వంకరగా కుట్టానని విప్పించింది. మాట రాకపోతే వేలితో చూపించి మరీ విప్పించింది. ఆ మనిషికి మీరు అబ్బాయి వచ్చేదాకా నిలిచే ఐసు లెక్కపెడుతున్నారా?"

"గట్టిగా అనకమ్మా."

"గడ్డ తగ్గుతోందనే కదా డాక్టరు అన్నాడు. మీ ముందే అన్నాడు."

"అన్నాడు. నేను బండి తోలుకెళ్ళిన ఇళ్ళల్లో సగం మందికి డాక్టర్లు అలాగే అన్నారు."

"మరి బతికినవాళ్ళ సంగతో?"

ఆయన తల వంచుకున్నాడు. "బతికినవాళ్ళ ఇళ్ళకి నన్నెవరూ పిలవలేదు కదమ్మా."

ఆ మాట ఆయన ఎవరి మీదా నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. కోడలి కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. జీవితమంతా ఒకే రకం ఇళ్ళు చూసిన మనిషి. జబ్బంటే ఆయనకి తెలిసిన ముగింపు ఒక్కటే. మంచం పట్టి లేచినవాళ్ళు, గంజి తాగి కోలుకున్నవాళ్ళు, పక్కవాళ్ళతో పోట్లాడే ఓపిక మళ్ళీ తెచ్చుకున్నవాళ్ళు, వాళ్ళ గుమ్మాల ముందు ఆయన బండి ఆగనే లేదు.

"మొన్న మీ అత్తయ్య నన్ను పిలిచింది" అన్నాడు మామగారు. "నోరు మండిపోతోందండీ, చల్లగా ఏదైనా తెచ్చిపెట్టండి అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడు ఆ మాట అనలేదు. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళూ గుమ్మంలో నిలబడి అనేది అదే. చల్లగా ఉండాలి, మంచి ఐసు పెట్టు అని. అది వినగానే నాకు చేతులు ఆడలేదు. ఇక అయిపోయిందనుకున్నాను."

"అత్తయ్య అడిగింది అది కాదు మామయ్యా. నోరు మండుతోంది, అంతే. దాహం వేస్తే నీళ్ళడిగినట్టు అడిగింది. మీరు కరగని ఐసు చూస్తున్నారు. అత్తయ్యకి కరిగేది కావాలి. నోట్లో పెట్టుకోగానే కరగాలి. ఆ పలక ఆవిడ నాలుకకి తగిలితే నెత్తురొస్తుంది."

ఆయన అరచేతిలోకి చూసుకున్నాడు. పలక ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది.

కోడలు లేచి వెళ్ళి, షాపావిడ దగ్గర ఒక చెంచా అడిగి, ఆయన నురగ అని తోసేసిన ఐసు కొంచెం తెచ్చింది. "నోరు తెరవండి."

"వద్దమ్మా. నేనెప్పుడూ నోట్లో పెట్టుకోలేదు. ఈ చేతులతో ఏ ఐసు ముట్టుకున్నానో నాకు తెలుసు."

"చెంచా నా చేతిలో ఉంది. మీ చేతులతో పనిలేదు."

ముసలాయన చిన్నపిల్లవాడిలా పెదాలు బిగించి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, చివరికి నోరు తెరిచాడు. చల్లదనానికి ఒక్కసారి భుజాలు ఎగిరాయి. తరవాత కళ్ళు మూసుకున్నాడు. గొంతు కదిలింది. ఎంతసేపటికీ కళ్ళు తెరవకపోతే కోడలికి భయం వేసింది. తెరిచేసరికి నిండుగా నీళ్ళున్నాయి.

"హాయిగా ఉందే" అన్నాడు. "ఇంత మెత్తగా ఉంటుందా? పోయినవాళ్ళకి పెట్టడమే గానీ, బతికున్నవాళ్ళకి ఇది ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు." చేతిలోని పలకని ఏం చేయాలో తోచక, లేచి వెళ్ళి కౌంటరు పక్కనున్న బకెట్టులో పడేశాడు.

మామగారు మళ్ళీ వచ్చి ఆ మూడో మిషను ముందు నిలబడ్డాడు. ఈసారి ఆయన అడిగిన ప్రశ్నలు విని కోడలు పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. చప్పుడెంత వస్తుందని అడిగాడు. ఈ రకం కాస్త గరగరమంటుంది సార్ అని షాపావిడ ఒప్పుకుంది. "ఆవిడకి అసలే నిద్ర తక్కువ" అని, పడకగది గోడకి ఆనించకుండా వంటింట్లో ఏ మూల పెట్టాలో వేళ్ళతో కొలిచి చూసుకున్నాడు. కాచి చల్లార్చిన నీళ్ళు పోయవచ్చా? పోయాలి సార్, పేషెంటుకైతే తప్పకుండా పోయాలి, వేడిగా మాత్రం పోయకండి. కరిగి కిందికి పోయిన నీళ్ళు మళ్ళీ ఐసు చేస్తుందన్నారే, అది ఆవిడ నోట్లోకి పోవడం నాకు ఇష్టం లేదు. అలాగైతే రోజూ పొద్దున్నే ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్ళు పోయండి. కడుగుతాను. బుట్ట కూడా తీసి కడగాలి సార్. కడుగుతానమ్మా, అది నా పని.

మిగతా రెండిటికంటే ఇదే ఖరీదు. ఆయన ధర చీటీ కేసి చూడనైనా చూడలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి మూత బిగువుగా ఉండే ఫ్లాస్కు ఒకటి కూడా తీయించాడు. "ఎల్లుండే కదా మందు ఎక్కించేది? ఆవిడ పక్కన కూర్చుని చెంచాతో నేనే పెడతాను. నర్సుని అడుగు, ఎంతసేపటికోసారి పెట్టాలో."

"అడుగుతాను మామయ్యా."

షాపు కుర్రాళ్ళు బండిలో ఇంటికి చేరుస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. దిమ్మలు మోసిన భుజాలకి ఇదెంత అని పెట్టెని తాడుతో కట్టించడానికి లోపలికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే కోడలి ఫోను మోగింది. అత్తగారు. ఆవిడకి తోడుగా పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చింది కోడలు, ఏమైనా అవసరమేమోనని ఆమె కంగారుగా ఎత్తింది.

"ఎక్కడున్నావమ్మా?" అత్తగారి మాట పూత వల్ల ముద్దముద్దగా వచ్చింది. ఒక్కో మాటకీ ఆగుతోంది.

"వచ్చేస్తున్నాను అత్తయ్యా. మీకో సంగతి చెప్పాలి."

"ముందు నేను చెప్పేది విను. మళ్ళీ మాట్లాడే ఓపిక ఉండదు. పొద్దున మీ మామయ్య అటక మీద నుంచి ఐసు కొంకి దించారు. దిమ్మలు లాగే కొంకి. తుప్పు గీకి, నూనె రాసి, గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు."

కోడలు మామగారు లోపలికి వెళ్ళిన వైపు చూసింది.

"ఈ పూతని, ఈ మంటని ఎందుకు ఓర్చుకుంటున్నానో తెలుసా నీకు? ఆయన ఒక్కరూ ఉండలేరని. ఇన్ని ఇళ్ళల్లో చావు చూసి వచ్చిన మనిషికి సొంత ఇంట్లో కూడా అదే చూపించడమెందుకని. ఆయనే కొంకి తీసి సిద్ధంగా పెట్టుకున్నాక నేనింక ఎవరి కోసమమ్మా? ఆస్పత్రికి ఫోను చేసి చెప్పేశాను. ఎల్లుండి రానని. ఇక ఏ విడతకీ రానని. నా మంచం ఇంకెవరికైనా ఇమ్మన్నాను."

"అత్తయ్యా..."

"నా మీద కోపం లేదని చెప్పు ఆయనకి. ఇంటికొచ్చాక నువ్వే నెమ్మదిగా చెప్పు."

పెట్టెని గుండెకి హత్తుకుని మామగారు వస్తున్నాడు. తెగిన చెప్పు నేల మీద టపటపలాడుతోంది. ఫోను చూసి ఆయన మొహం వెలిగింది.

"మీ అత్తయ్యేనా?" పెట్టెని జాగ్రత్తగా కౌంటరు మీద దించి, తడి చేతిని చొక్కాకి తుడుచుకుని ముందుకు చాపాడు. "ఇలా ఇవ్వమ్మా. ఐసు ఇంటికి తెస్తున్నానని నా నోటితో నేనే చెప్పాలి."

కోడలు ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. అవతల అత్తగారు పెట్టెయ్యలేదు. ఆయన గొంతు విన్నట్టుంది, ఊపిరి బిగబట్టి ఎదురు చూస్తోంది.